వంజరం మూతికి చిక్కం

కుక్కకి చేప పేరు పెట్టిన మనిషిని నా జన్మలో ఒక్కడినే చూశాను. ఆయన మా పక్క పోర్షన్ పోతురాజు బాబాయ్. కుక్క పేరు వంజరం. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. గోడకి ఇవతల నేను చీరలు మడతపెట్టుకుంటూ ఉంటాను, అవతల అరుగు మీద బాబాయ్ వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు, గేటు దగ్గర వంజరం వచ్చేపోయే జనాన్ని పేరుపేరునా తిడుతూ ఉంటుంది. భవానీపురంలో కరకట్ట వైపు మా సందు తెలిసినవాళ్ళకి ఈ కుక్క సంగతి నేను చెప్పక్కర్లేదు.

బాబాయ్‌ది బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. వయసులో ఉన్నన్నాళ్ళూ వేటకి వెళ్ళాడు. మోకాళ్ళు అరిగిపోయి పడవ ఎక్కలేని రోజొచ్చాక కూతురు తిరుమల తన దగ్గరకి తెచ్చుకుంది. తిరుమలా, మొగుడూ కలిసి చేపల కొట్టు నడుపుతారు. తెల్లారకుండా వెళ్తే మధ్యాహ్నం దాటాకే రావడం. ఖాళీగా కూర్చుంటే ఒళ్ళు నొప్పులొచ్చే మనిషి కాబట్టి, కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు చిరిగిన వలలు తెచ్చి పడేస్తే బాబాయ్ వాటిని బాగుచేసి ఇస్తాడు. ఆయన వేసిన ముడి ఊడిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి రాలేదు. ఆ మాట ఎవరన్నా అంటే బాబాయ్ వినపడనట్టు తల వంచుకుంటాడు కానీ, చెవులు మాత్రం ఇటే ఉంటాయి.

నా పేరు చౌడేశ్వరమ్మ. మాది మగ్గాల ఇల్లు. మంగళగిరి నుంచి చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్ముకుంటాను. కుక్కలంటే నాకు పడదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. వంజరం అంటే అసలు పడదు. ఎందుకంటే మొన్న మే నెల మొదట్లో ఒకావిడ నా దగ్గర చీరలు కొనుక్కుని వెళ్తూ గేటు తీసిందో లేదో, ఇది గొలుసు కొక్కెం ఊడబెరుక్కుని ఆవిడ మీదకి ఎగిరింది. ఆవిడ వెనక్కి పడింది. పట్టు చీరల మూట దీని నోట్లో పడింది. నేను చీపురు తీసుకుని వెళ్ళేసరికి మూడు చీరలు పీలికలు. ఆవిడకి పంటి గాటు పడలేదు, అదొక్కటే అదృష్టం. నేను ఆరోజు బాబాయ్‌ని అన్న మాటలు ఇక్కడ రాయలేను.

గొడవకి మేడ మీద నుంచి ఓనర్ వెంకటకృష్ణారావు గారు దిగొచ్చారు. మంచాయనే. కానీ పరువున్న మనిషికి ఇంటి ముందు గొడవంటే ఒళ్ళు మంట.

"చూడు పోతురాజూ, ఈ నెలాఖరుకి మా అమ్మాయి ధనశ్రీ ఓణీల ఫంక్షను. ఊరంతా వస్తారు. మూతికి ఏదన్నా కట్టి ఉంచుతానంటే ఉంచు. లేదంటే కుక్కని ఎక్కడన్నా వదిలేసి రా. మళ్ళీ ఒకళ్ళ మీద పడిందంటే నేను ఊరుకోను" అన్నారు.

బాబాయ్ ముఖం పాలిపోయింది. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడు చేపల బుట్టలో కూర్చుని ఆయన ఒళ్ళో పల్లె నుంచి వచ్చింది. తిరుమల పొద్దంతా కొట్లో ఉంటుంది. ఆ అరుగు మీద ఆయనకి మాటకి తోడు అదొక్కటే. మర్నాడే దాన్ని ఆటోలో వేసుకుని కుక్కల డాక్టరమ్మ దగ్గరకి బయల్దేరాడు. నేనూ ఎక్కాను. నా చీరల సంగతి డాక్టరమ్మకి నేనే స్వయంగా చెప్పాలి కదా.

ఆ డాక్టరమ్మ పేరు హన్నా. చిన్న క్లినిక్కు, పెద్ద ఓపిక. వంజరానికి ఇంజక్షన్ వేస్తూనే అడిగింది, "దీన్ని ఎక్కడ కడతారండీ?"

"గేటు దగ్గరండి. ఇనప గొలుసు. పొట్టిదే."

"రోజూ గేటుకి ఎవరెవరు వస్తారు?"

"నీళ్ళ క్యాన్లు వేసేవాడు, పాలవాడు, పేపరు, ఈ అమ్మాయి చీరల తాలూకు ఆడవాళ్ళు..."

"క్యాన్ అబ్బాయి వస్తాడు, ఇది మొరుగుతుంది, అతను క్యాన్ దించి వెళ్ళిపోతాడు. అతని పని అయిపోయి వెళ్ళాడని దీనికేం తెలుసండీ? నేను మొరిగాను, వాడు పారిపోయాడు అనుకుంటుంది. రోజూ గెలుస్తోంది. గెలిచే ఆట ఎవరన్నా మానుకుంటారా?"

నాకు నవ్వొచ్చింది. బాబాయ్ మాత్రం క్యాన్లవాడికి కుక్క తరఫున క్షమాపణ చెప్పాల్సినవాడిలా తల వంచుకున్నాడు.

ఆవిడ ఒక్కోటీ విడమరిచి చెప్పింది. ముందు గేటు దగ్గర నుంచి తీసేసి ఇంటి వెనక్కి మార్చమంది, మనుషులు కనపడకపోతే సగం గొడవ తగ్గుతుందట. మెడ బెల్టుకి గొలుసు కడితే లాగినప్పుడల్లా గొంతు నొక్కుకుని ఇంకా రెచ్చిపోతుందని, ఛాతీ చుట్టూ వచ్చే బాడీ బెల్టు కొనమంది. నడిపించడానికి మనిషి పొడుగు నాడా తాడు చాలంది. చివరికి గోడకి తగిలించిన ప్లాస్టిక్ బుట్టలాంటిది తీసి చూపించింది.

"మూతికి ఇలాంటిదే కొనండి. ఇది పెట్టుకున్నా లోపల నోరు బార్లా తెరవగలగాలి, నీళ్ళు తాగగలగాలి. అది ముఖ్యం. తొడిగేముందు కొన్నాళ్ళు అందులో తిండి పెట్టి అలవాటు చెయ్యాలండీ. బలవంతంగా తొడగొద్దు."

బాబాయ్ ఆ బుట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. వల కన్ను సైజు చూసే చూపు అది. దార్లో బాడీ బెల్టూ, నాడా తాడూ కొన్నాడు. బుట్ట కొనలేదు.

"నోరు తెరిచే వీలుంటే ఇంక చిక్కం ఎందుకమ్మా కట్టడం?" అన్నాడు ఆటోలో. "మా పల్లెలో దూడలకి చిక్కాలు నేనే అల్లి ఇచ్చేవాణ్ణి. పొలంలో పడి మేస్తాయని రైతులు అడిగేవాళ్ళు. మూతికి పట్టినట్టు ఉండేది. వలలల్లేవాడు ప్లాస్టిక్ బుట్ట కొనుక్కుంటే మావాళ్ళు నవ్వరూ?"

ఆయన అన్నది నాకు సబబుగానే తోచింది. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, మిషన్ చీర కట్టుకోమంటే నాకూ ఒళ్ళు మండుతుంది.

మర్నాటికల్లా చిక్కం తయారైంది. నల్ల నైలాను దారంతో అల్లాడు. కన్నులన్నీ ఒక్క కొలత. మూతి దగ్గర సన్నగా మొదలై, చెంపల దగ్గర విప్పారి, చెవుల వెనక ముడి వేసుకునేలా కుదిరింది. తొడిగితే వంజరం మూతికి అతికినట్టు సరిపోయింది. వేలు దూర్చే సందు లేదు. సందులో ఆడవాళ్ళందరూ వచ్చి చూసి ముచ్చటపడ్డారు. క్యాన్ల కుర్రాడు దాని కళ్ళ ముందే క్యాన్ దించి, పళ్ళికిలించి వెళ్ళాడు. అది గొణిగింది తప్ప మొరగలేకపోయింది. బాబాయ్ పొద్దున చల్లటి వేళ దాన్ని కరకట్ట మీద తిప్పి తెచ్చి చిక్కం విప్పేసేవాడు. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

ఫంక్షన్ రోజు వచ్చింది. రోహిణీ కార్తె. విజయవాడ ఎండ సంగతి విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ ఆరోజు ఎండ ఇంకో రకం. పొద్దున్నే సందుకి అడ్డంగా షామియానా వేశారు. మైకు పెట్టారు. వంటలు డాబా మీద. జనం వస్తూనే ఉన్నారు. బాబాయ్ పెందలాడే వంజరాన్ని ఇంటి వెనక బట్టలుతికే బండ పక్కన, గోడ నీడలో కట్టేశాడు. మూతికి చిక్కం బిగించాడు. రోజూ కంటే ఒక ముడి ఎక్కువే వేశాడు. ఓనర్ గారికిచ్చిన మాట కదా.

సన్నాయి మొదలైనప్పుడు వెనక నుంచి రెండుమూడు సార్లు గొణుగు వినపడింది. ఆ తర్వాత వినపడలేదు.

అందరికీ అదే ఆశ్చర్యం. ధనశ్రీకి హారతిచ్చి వస్తూ ఓనర్ గారు బాబాయ్ భుజం తట్టారు. "ఏమయ్యా, నీ కుక్క ఉందా అసలు? ఇంతమంది వస్తే చప్పుడే లేదు! బుద్ధి నేర్పేశావే" అన్నారు. బాబాయ్ ముఖం చూడాలి అప్పుడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మెళ్ళో కొత్త తువ్వాలు. బంతిలో నా పక్కనే కూర్చుని ఆకులో ఒక గారెను మెల్లగా పక్కకి జరిపాడు.

"దానికా?" అన్నాను.

"పొద్దుణ్ణించీ పాపం నోరు కట్టుకుని కూర్చుంది. ఒక గారె ముక్క తిననీ" అన్నాడు.

బంతి లేచేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చెయ్యి కడుక్కుందామని నేను వెనక కొళాయి దగ్గరకి వెళ్ళాను, బాబాయ్ గారె ఆకులో చుట్టుకుని నా వెనకే వచ్చాడు. పొద్దున నీడ ఉన్న చోట ఇప్పుడు నీడ లేదు. పక్కింటి రేకుల షెడ్డు వేడి కూడా అటే కొడుతోంది. బండ పక్కన వంజరం పక్కకి ఒరిగి పడుంది.

నిద్రపోతోందనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడడం లేదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చిక్కం కన్నుల్లోంచి నురగ కారి నేల తడిసింది. నాలుక బయటికి రావడానికి దారి లేక పళ్ళ మధ్య నలిగి, నేరేడు పండు రంగుకి తిరిగింది. అది మొరగకపోవడం బుద్ధొచ్చి కాదు. అరిచేందుకు నోరు లేదు, పీల్చేందుకు గాలి లేదు. ఇంతసేపూ మేం దాన్ని మెచ్చుకుంటూ పప్పన్నం తిన్నాం.

బాబాయ్ గారె పారేసి మోకాళ్ళ మీద పడ్డాడు. ముడి లాగాడు. ఆయన ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. ఎండకి ఎండి, నురగకి నాని, ముడి రాయైపోయింది. ఆ వేళ్ళు చీకట్లో, నడిసముద్రంలో ముళ్ళు విప్పిన వేళ్ళు. ఇప్పుడు వాటికి పట్టు దొరకడం లేదు.

"కత్తి! చౌడమ్మా, కత్తి తేవే!"

నేను పరిగెత్తాను. వంటింటి చాకు తెచ్చిస్తే నైలాను మీద జారిపోయింది. మళ్ళీ పరిగెత్తి చీరల కుచ్చులు కత్తిరించే కత్తెర తెచ్చాను. అవతల మైకులో సినిమా పాట మోగుతోంది, నేను అరిచినా ఎవరికీ వినపడదు. కత్తెర మొన కుక్క చర్మానికి తగలకుండా బాబాయ్ తన వేళ్ళని చిక్కం కిందకి బలవంతంగా దూర్చాడు. సందు లేని చోట సందు చేశాడు. గోళ్ళ పక్కన చర్మం లేచిపోయింది.

"కొయ్యి!" అన్నాడు.

కోశాను. ఒక కన్ను, ఇంకో కన్ను. ఆయన అల్లిక ఎంత గట్టిదో ఆరోజు నాకు తెలిసింది, తెలిసినందుకు ఏడుపొచ్చింది. చిక్కం ఊడిన మరుక్షణం వంజరం నోరు తెరుచుకుంది. తెరుచుకున్న నోరు అక్కడే ఉన్న చేతిని పట్టుకుంది.

పళ్ళు దిగిన చప్పుడు నేను విన్నాను. బాబాయ్ చెయ్యి లాక్కోలేదు.

"కరిచెయ్యి నాయనా, కరిచెయ్యి" అన్నాడు. "నీ తప్పు కాదురా."

అది చేతిని వదిలేసింది. పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఆ చప్పుడు నేను ఇంకా మర్చిపోలేదు.

దాన్ని వెనక గుమ్మం నీడలోకి లాగి డ్రమ్ములో నీళ్ళు ఒంటి మీద పోశాం. తువ్వాలు తడిపి పొట్ట మీద వేశాం. నేను ఫ్రిజ్జులో నీళ్ళు తెస్తానంటే బాబాయ్ వద్దన్నాడు, కాలిపోయిన ఒంటికి ఒక్కసారి ఐసు తగిలితే మనిషికే పడదు అన్నాడు. నోట్లో నీళ్ళు పొయ్యబోయాను, పొరబోతుందని అదీ వద్దన్నాడు. అప్పుడు దాన్ని భుజాన వేసుకుని లేచాడు. ఆటో దొరకాలంటే సందు దాటాలి. సందు నిండా షామియానా, కుర్చీలు, పట్టు చీరలు. ఇస్త్రీ చొక్కా మీద రక్తం, భుజాన నీళ్ళోడుతున్న కుక్క, ఆ మనిషి పెళ్ళివారి లాంటి జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళాడు. ఫంక్షన్‌కని కొట్టు మూసి వచ్చిన తిరుమల ముందు నడుస్తూ "జరగండి, జరగండి" అని కుర్చీలు తోసేస్తోంది. మోకాళ్ళు పని చెయ్యవని పడవ దిగిన మనిషి ఆయన. ఓనర్ గారు చేతిలో తాంబూలం పళ్ళెంతో అలాగే నిలబడిపోయారు.

క్లినిక్కులో హన్నా డాక్టరమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ముందు సెలైను పెట్టింది. ఫ్యాను దగ్గరకి జరిపింది. తడిగుడ్డలు మార్చింది. చాలాసేపటికి దాని ఊపిరి కాస్త దారిలో పడ్డాక అడిగింది, "మూతికి ఏం కట్టారండీ?"

బాబాయ్ జేబులోంచి తెగిన చిక్కం తీసి బల్ల మీద పెట్టాడు. "నేనే అల్లాను తల్లీ. దూడలకి అల్లినట్టు."

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "దూడకి ఒళ్ళంతా చెమట పడుతుందండీ. కుక్కకి అలా పట్టదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి ఒగరిస్తేనే దాని వేడి పోతుంది. అందుకే నోరు తెరుచుకోవాలన్నాను" అంది.

బాబాయ్ ఆ చిక్కం వైపే చూస్తూ కూర్చున్నాడు. "మీరు చెప్పారు. నేను వినలేదు" అన్నాడు. తర్వాత ఆవిడ ఆయన చెయ్యి చూసి, సబ్బుతో బాగా కడిగించి, అప్పటికప్పుడు ఇంజక్షన్ల కోసం మనుషుల ఆస్పత్రికి పంపింది.

వంజరం బతికింది. సాయంత్రానికి తల ఎత్తింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన బాబాయ్ సంతోషంతో వంగి, కట్టు కట్టిన చెయ్యి చాపాడు. అది ఆ చేతిని చూసి, సెలైను గొట్టం లాక్కుంటూ, బల్ల మూలకి పాక్కుంటూ పోయింది.

కుక్క తనని కరిచినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు చూళ్ళేదు నేను. అప్పుడు చూశాను.

మర్నాడు ఓనర్ గారు కిందకి దిగారు. కుక్క ఎలా ఉందని అడిగారు, అది ఆయన మంచితనం. తర్వాత కట్టు చూశారు. "పెంచినవాణ్ణే కరిచిందన్నమాట" అన్నారు.

కత్తెర తగిలిందని చెప్పమని నేను ఓనర్ గారి వెనక నుంచి సైగ చేస్తూనే ఉన్నాను. బాబాయ్ నా వైపు చూడనే లేదు. "కరిచిందండి. ఊపిరాడకుండా కట్టినోణ్ణి కరిచింది" అన్నాడు.

"నాకు దాని మీద పగ లేదు పోతురాజూ. కానీ ఇంట్లో పిల్లలున్నారు. వచ్చే ఆదివారం నాటికి ఆ డాక్టరు చెప్పిన బుట్టేదో తొడిగి, నువ్వే పట్టుకుని, గేటు దాటించి నాకు చూపించు. కుదరకపోతే పంపించెయ్యి." అందులో అన్యాయం ఏముంది?

ఆ వారమంతా మాకు అదే పని. బుట్ట కొన్నారు. తిరుమల కొట్టు నుంచి ఎండు రొయ్యలు తెచ్చింది. వాటిని నూరి బుట్ట అడుగున రాసి, దాని ముందు పట్టుకోవాలి. అదే వచ్చి మూతి పెట్టాలి. పెట్టి తీసుకుంటే తీసుకోనివ్వాలి. వెంటనే పట్టీ బిగించకూడదు. డాక్టరమ్మ ఒత్తి ఒత్తి చెప్పిన మాట అది. తిరుమల పట్టుకుంటే మూతి పెట్టింది. చివరికి నేను పట్టుకున్నా పెట్టింది! చీపురుతో తరిమినదాన్ని, నా బుట్టలో మూతి పెట్టి తోక ఊపింది. సిగ్గులేని కుక్క. బాబాయ్ పట్టుకుంటే మాత్రం మంచం కింద దూరి వణికేది. నైలాను దారం కనపడితే చాలు చెవులు వెనక్కి వాల్చేసేది. బాబాయ్ వలలన్నీ మూటగట్టి అటక మీద పడేశాడు. ఆ అరుగు అంత బోసిగా నేనెప్పుడూ చూళ్ళేదు.

శనివారం నేను తెగించి అన్నాను, "బాబాయ్, రేపు పట్టీ నేను పెడతాను. తాడు మీ చేతికిస్తాను. ఓనర్ గారు మేడ మీద నుంచి చూస్తారు, ఆయనకేం తెలుస్తుంది?"

"రోజూ దాన్ని తిప్పేది నేనా, నువ్వా?" అన్నాడు. "నా చెయ్యంటే బెదిరే కుక్కని నా చేతికిచ్చి, బాగానే ఉందని ఆయనకి చూపిస్తే, రేపు ఎవరి మీదన్నా పడితే? వద్దమ్మా." ఆ సాయంత్రమే ఇబ్రహీంపట్నంలో ఉన్న పాత స్నేహితుడు అబ్రహాముకి ఫోన్ చేశాడు. ఆయన అక్కడ బూడిద ఇటుకల యార్డుకి కాపలా. ప్రహరీ ఉన్న చోటు, మనుషులు తక్కువ. కుక్కని తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే అబ్రహాము ఆటో మాట్లాడుకుని వచ్చాడు. గేటు బయట నిలబడ్డాడు. మేడ మీద ఓనర్ గారు కాఫీ గ్లాసుతో పిట్టగోడ దగ్గరకి వచ్చారు. తిరుమల కొట్టు మానేసింది. బాబాయ్ అరుగు మీద కూర్చుని, ఆఖరిసారి దాని కడుపు నింపుదామని, వేయించిన చేప ముక్క ముల్లు తీసి బుట్టలో వేశాడు. బుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని పిలవలేదు. ఏడుపు కనపడకుండా ముఖం అటు తిప్పుకున్నాడు.

వంజరం మంచం కింద నుంచి బయటికి వచ్చింది. ఆగింది. ఇంకాస్త వచ్చింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అది ఆయన మోకాలి దగ్గరకి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి వాసన చూసి, మూతి బుట్టలో పెట్టింది.

పట్టీ ఆయన వేళ్ళకి అందేంత దూరంలో ఉంది.

"బిగించేయ్ నాన్నా!" అంది తిరుమల గొంతు నొక్కుకుని. "కట్టెయ్యండి బాబాయ్, ఓనర్ గారు చూస్తున్నారు!" అన్నాను నేను. అబ్రహాము కూడా "కట్టరా!" అన్నాడు. ఒక్క బిగింపు, గేటు దాకా నాలుగడుగులు. కుక్క ఉండిపోతుంది.

బాబాయ్ వేళ్ళు కదల్లేదు. అది చేప తిని, మూతి బయటికి తీసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

"ఏమయ్యా పోతురాజూ?" అని మేడ మీద నుంచి కేక.

బాబాయ్ లేచి నిలబడ్డాడు. "ఇవ్వాళ కట్టనండి. నమ్మి వచ్చిన మొదటిసారే బిగిస్తే ఇంకెప్పుడూ రాదు. మాట ప్రకారం పంపించేస్తున్నానండి" అన్నాడు. లోపలికి వెళ్ళి రెండు పంచెలు, ఇంజక్షన్ చీటీ, సంచిలో సర్దుకుని బయటికి వచ్చాడు. "నేనూ దానితో వెళ్తున్నాను."

తిరుమల భోరుమంది. "కుక్క కోసం ఇల్లు వదిలిపోతావా నాన్నా? ఈ వయసులో ఇటుకల మధ్యా?"

"కుక్క కోసం కాదే పిచ్చిదానా" అన్నాడు. "నా చెయ్యి కోసం. ఈ చేతిని చూసి ఒక ప్రాణి వణుకుతోంటే నాకు అన్నం సయించడం లేదు."

ఆటోలో అబ్రహాము ముందు కూర్చున్నాడు. వెనక బాబాయ్, తిరుమల ఎక్కించిన వంజరం, మధ్యలో ఖాళీ బుట్ట. ఓనర్ గారు మెట్లు దిగి గేటు దాకా వచ్చారు. నేనైతే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. మూడు పట్టు చీరలు చింపిన కుక్క కోసం!

వానలు ఇంకా పడలేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం చీరలు మడతపెట్టుకుంటుంటే ఫోన్ మోగింది. అవతల బాబాయ్ గొంతు.

"చౌడమ్మా... మూతి అదే పెట్టిందే. పట్టీ నేను పెట్టాను. బెదరలేదు. యార్డు గేటు దాటి, లారీల పక్క నుంచి నడిచింది. బుట్టలో నోరు తెరిచి హాయిగా ఒగరుస్తోంది."

నేను ఫోన్ పట్టుకునే మేడ మెట్లెక్కాను. ఓనర్ గారు నిద్రలో ఉంటే లేపాను. ఆయన మొత్తం విని, కళ్ళజోడు కోసం తడుముకుంటూ, "రమ్మనమ్మా. ఇంకా అడుగుతావేంటి?" అన్నారు.

"విన్నారా బాబాయ్? ఇప్పుడే బయల్దేరండి" అన్నాను ఫోన్లో.

"ఇప్పుడా? బయట ఎండ చూశావా తల్లీ?" అన్నాడు. "దానికి కష్టం. పొద్దు వాలాక వస్తాం."